సంతలో పొంచియున్న ప్రకటన

పెబ్బేరు సంతలో ఎద్దును కొనవచ్చిన రైతు ముందుగా దాని పండ్లు పట్టి చూచును. పిమ్మట నడిపించి చూచును. అమ్మువాడు తన పశువును వేయినోళ్ల పొగడవచ్చును. పొగడువాడు అమ్మువాడే యని యెఱుగును గావున రైతు ఆ పొగడ్తను సగము తగ్గించియే వినును. పూర్వము పల్లెలలో దండోరా వేయుటయు నిట్టిదే. డప్పు మ్రోగినంతనే అది చాటింపని పసిబిడ్డలకు సయితము తెలిసెడిది. పదుగురు మెలగు చోట వర్తకుడు పాటింపవలసిన మర్యాద యిదియే.

ఇప్పుడు గెరిల్లా మార్కెటింగ్ అను నొక కళ లోకమున వ్యాపించి యున్నది. అమెరికా దేశీయుడగు జే కాన్రాడ్ లెవిన్సన్ 1984లో నీ పేరుతోనే యొక గ్రంథమును ప్రకటించెను. స్పానిషు భాషలో గెరిల్లా యనగా చిన్న యుద్ధము. ధనము చాలని చిన్న వర్తకుడు, యుక్తినే మూలధనముగా జేసికొని, వీథిలోను సంతలోను జనులు ఏమరియున్నవేళ వారిని ఆశ్చర్యపఱచి, తన సరకును వారి జ్ఞప్తియందు నాటుటయే దీని తత్త్వము. ఇంతవఱకు దీనిని తప్పుపట్ట బనిలేదు. బలహీనునకు బుద్ధియే బలము గదా!

ఈ కళ మనకు క్రొత్తయు గాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును నెలకొల్పి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. శ్రోత దానిని నుదుట రాచికొని గుణమును తానే పరీక్షించుకొనెను. ఇచ్చువాడెవ్వడో తెలియును, ఇచ్చిన వస్తువు చేతిలో నున్నది. ఆ వ్యాపారము నార్జించిన ధనమే 1908లో ఆంధ్రపత్రికకును, 1924లో భారతికిని ఆధారమైనది. యుక్తికిని సత్యమునకును వైరము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

2013 నాటి ప్రయాగ కుంభమేళాలో లైఫ్‌బాయ్ సబ్బు వారు భోజనశాలలలోని రొట్టెలపై, చేతులు కడుగుకొంటివా యను ప్రశ్నను సిరా లేకుండ వేడిముద్రగా వేయించిరి. తినబోవు క్షణముననే యా ప్రశ్న కంటబడుట మెచ్చదగిన చమత్కారము, బోధయు మంచిదే. అయినను యాత్రికుని విస్తరిపై నెవ్వరి పేరుండవలెనో యాతని నడిగినవారు లేరు. పేరు దాచలేదు గావున దీనిని సగము మన్నింపవచ్చును.

మన్నింపరానిది వేఱొకటి కలదు. 2002లో సోనీ ఎరిక్సన్ సంస్థవారు అమెరికా నగరములలో నటులను యాత్రికుల వేషమున వీథులకు బంపిరి. వారు దారిన బోవువారిని ఫొటో తీసిపెట్టుడని వేడి, కెమెరాగల క్రొత్త ఫోనును చేతికిచ్చి, దాని గుణములను ముచ్చటించిరి. సాయపడనెంచినవాడు తాను బేరములో జిక్కితినని యెఱుగడు. ఇచ్చట వ్యయమైనది సంస్థ ధనము మాత్రమే కాదు. పరదేశికి దారి చూపు మానవుని సహజ విశ్వాసము. రెండుమార్లు మోసపోయినవాడు మూడవమారు నిజమైన యాత్రికునికి సయితము ముఖము చాటుచేయును.

కొందఱు, ఇది వినోదమే గదా, దీనివలన నష్టమేమి యందురు. ఫోను కొన్నవానికి నష్టము స్వల్పము కావచ్చును. ఈ విద్యయే విత్తనపు వర్తకునకు బట్టువడినచో నేమగును? టీ దుకాణపు బల్లపై గూర్చుండి తోటి రైతువలె నొక విత్తనమును పొగడువాడు కూలికి వచ్చినవాడైనచో, విను రైతునకు సగము తగ్గించి వినుటకు దారి యేది? ఎద్దునకు బండ్లున్నవి, పట్టి చూడవచ్చును. విత్తనమునకు బండ్లు లేవు. పంట చేతికి రానినాడు పొగిడినవాని జాడ తెలియదు; అప్పు మాత్రము రైతు పేరనే యుండును.

గోడల విషయమున మనకు 1997 నాటి శాసనము కలదు. స్థానికాధికారుల యనుమతి లేనిదే పదుగురికి గనబడు చోట ప్రకటనలు కూడవని యది విధించుచున్నది. శాసనము గోడను గాపాడగలదు గాని తోటిమనిషి మాటపై మనకుగల నమ్మకమును గాపాడుట కష్టము. కావున బయటి ప్రకటనను మనము మూడు ప్రశ్నలతో పరీక్షింపవలయును. పలుకువాడెవ్వడు? ఆ చోటు వానిదా, అందఱిదా? వాని మాటను పరీక్షించుటకు నాకు అవకాశ మిచ్చుచున్నాడా?

యుక్తిగల వర్తకుడు సంతకు రావచ్చును, నవ్వింపవచ్చును, ఆశ్చర్యపఱుపనువచ్చును. కాని డప్పును చంకలో దాచికొని రాగూడదు.