అంచు ముందా, బొమ్మ ముందా?

సెలవుల్లో నాన్నతో కలిసి బరంపురం నుంచి పూరీ దగ్గరున్న రఘురాజపురం వెళ్లాను. అక్కడ ఇంటింటా పటచిత్రాలు వేస్తారు. బట్టలను పొరలుగా చింతగింజల జిగురుతో అతికించి, సుద్దపొడి పూసి, ఆరాక రాయితో నున్నగా రుద్దుతారు. ఒక్క గీత గీయకముందే ఇంత పని!

ఆ తర్వాతైనా బొమ్మ మొదలుపెడతారనుకుంటే, ముందు అంచు వేస్తారు. మొదట నాకిది నచ్చలేదు. ముందే గోడ కట్టేస్తే కృష్ణుడైనా అందులో ఒదిగి నిలబడాల్సిందే కదా!

కానీ బడి పోటీకి నేను వేసిన కృష్ణుడు గుర్తొచ్చాడు. ముఖం, పింఛం ముందు పెద్దగా వేసేశాను. కాళ్లకు చోటు చాలక పొట్టివైపోయాయి. తమ్ముడు ఇప్పటికీ నవ్వుతాడు.

రంగులు నింపిన పటం కొంచెం చప్పగానే ఉంటుంది. చివర్లో నల్లటి సన్నగీతలు పడ్డాకే వేళ్లు, నగలు, చూపు తేలతాయి. అదే నాకు అన్నిటికన్నా నచ్చింది. అయితే కొన్ని చిన్న పటాల్లో పూల అంచు మరీ వెడల్పై కథ ఇరుకైపోయింది. అది మాత్రం లోపమే అంటాను.

ఇంటికొచ్చి ముందు అంచు గీసి, మళ్లీ కృష్ణుణ్ణి మొదలుపెట్టాను. పింఛం ఇంకా కుదరలేదు. కాళ్లు మాత్రం సరిపోయాయి.