మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా?

కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఎక్కించాక నిమిషంలో రోగి దవడ వదులవ్వాలి. గొంతులోకి గొట్టం దింపడానికి మత్తు డాక్టర్లకు కావలసింది ఆ వదులే. అరుదుగా, అదీ ఎక్కువగా పిల్లల్లో, కాళ్లూ చేతులూ మెత్తబడినా నమిలే కండరం మాత్రం రాయిలా బిగుసుకుంటుంది. పళ్ల మధ్య వేలు దూరదు.

అప్పుడు బలం వాడకూడదు. పెదవి చీలుతుంది, పన్ను ఊడుతుంది, దారి మాత్రం దొరకదు. మాస్కు గట్టిగా అదిమి బ్యాగు నొక్కితే చాలాసార్లు ఆక్సిజన్ లోపలికి వెళుతుంది. కొన్ని నిమిషాల్లో బిగువు సడలుతుంది. పక్కన కంగారుపడే జూనియర్లకు నేను చెప్పేది ఇదే: ముందు ఊపిరి అందించు, గొట్టం సంగతి తర్వాత.

నోరు తెరుచుకుందని నిశ్చింతగా ఉండలేం. ఆ బిగువు, మత్తు మందులకు ఒళ్లు ప్రమాదకరంగా ఎదురుతిరిగే వంశపారంపర్య జబ్బు మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియాకు తొలి సూచన కావచ్చు. ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఒళ్లు కాలిపోవడం చాలాసార్లు ఆ తర్వాతే. సెవోఫ్లురేన్ లాంటి మత్తు వాయువును వెంటనే ఆపి, దీనికి విరుగుడైన డాంట్రోలీన్ ఇవ్వాలి. పాతరకం సీసాలో ఉండేది 20 మిల్లీగ్రాములే, ఒక్కోదాన్నీ 60 మి.లీ. నీటిలో కరిగించాలి. 60 కిలోల మనిషికి మొదటి మోతాదుకే ఎనిమిది సీసాలు! ఆ మందు ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకుని ఉండని ఆపరేషన్ థియేటర్‌ను నేను సిద్ధంగా ఉన్నట్టు లెక్కించను.

ఈ జబ్బు వైద్యులకు తెలిసింది ఒక కుర్రాడి భయం వల్ల. మెల్‌బోర్న్‌లో కాలు విరిగి ఆసుపత్రికి వచ్చిన ఆ విద్యార్థి, విరిగిన కాలుకన్నా మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. తన బంధువుల్లో పదిమంది మత్తు ఇచ్చాకే పోయారన్నాడు. డెన్‌బరో, లోవెల్ అనే వైద్యులు ఆ సంగతిని 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు.

మన దగ్గర ఇలాంటి ఇంటి కబురు మరొకటుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి సక్సినైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైము పుట్టుకతోనే ఉండదు. మామూలుగా పది నిమిషాల్లోపే దిగిపోయే మందు వాళ్లను గంటల తరబడి కదలనివ్వదు, సొంతంగా ఊపిరి తీసుకోనివ్వదు. వెంటిలేటర్ మీద ఓపిగ్గా ఉంచితే తేరుకుంటారు. ముందే తెలిస్తే అసలు వేరే మందే వాడతాం.

ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా అని అడిగితే రోగి "అలాంటివేం లేవండీ" అంటాడు. వరండాలో కూర్చున్న తల్లిని అడిగితే, "వాళ్ల పెదనాన్నకి ఆపరేషన్ అయ్యాక మర్నాటిదాకా మెలకువ రాలేదు బాబూ" అంటుంది. అందుకే నేను ఇద్దరినీ అడుగుతాను.

మీ ఇంట్లో అలా జరిగి ఉంటే, ఏ మందుకు ఏం జరిగిందో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. తోబుట్టువులకీ పిల్లలకీ చెప్పండి. ఈసారి ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, మేం అడగకముందే ఆ కాగితం మా చేతికివ్వండి.