వస్తుధ్వనిగా విషాదం: గావిన్ బ్రయర్స్ ‘ద సింకింగ్ ఆఫ్ ద టైటానిక్’

చారిత్రక విషాదాన్ని ఆశ్రయించిన కళాకృతిని చర్చించవలసి వచ్చినప్పుడు మన విమర్శ సాధారణంగా కరుణరసం వద్ద ఆగుతుంది. స్థాయి శోకమనీ, ఇవి విభావాలనీ, ఇవి అనుభావాలనీ లెక్క తేలగానే పని ముగిసినట్లు భావిస్తాం. ఆంగ్ల స్వరకర్త గావిన్ బ్రయర్స్ 1969లో ఆరంభించిన ‘ద సింకింగ్ ఆఫ్ ద టైటానిక్’ అనే మినిమలిస్టు సంగీతరచన విషయంలో ఈ లెక్క చాలదు. ఇందులోని దుఃఖాన్ని రసధ్వనిగా కంటే వస్తుధ్వనిగా గ్రహించడమే సమంజసమని నా ప్రతిపాదన.

1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున 2.20 గంటలకు టైటానిక్ ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో మునిగిపోయింది. సుమారు 1500 మంది మరణించారు. వాలస్ హార్ట్‌లీ నాయకత్వంలోని ఎనిమిది మంది వాద్యకారులలో ఒక్కరూ మిగలలేదు. ఓడ మునిగే వేళ వారు వాయిస్తూనే ఉన్నారని బతికి బయటపడినవారు పలువురు చెప్పారు. ఓడలోని జూనియర్ వైర్‌లెస్ ఆపరేటర్ హెరాల్డ్ బ్రైడ్ న్యూయార్క్ టైమ్స్ పత్రికకు ఇచ్చిన కథనంలో, తాను విన్న బాణీ ‘ఆటమ్’ అన్నాడు. ఆ పేరు గల క్రైస్తవ కీర్తన బాణీనే బ్రయర్స్ తన రచనకు ఆధారం చేసుకున్నాడు.

రచనలో జరిగేది చాలా తక్కువ. తంత్రీవాద్యాలు ఆ బాణీని మెల్లగా వాయిస్తాయి. ముగిసిన చోట మళ్ళీ ఎత్తుకుంటాయి. మంచుకొండ తాకిడి లేదు, హాహాకారం లేదు, ఉత్కర్ష అసలే లేదు. చెక్కదిమ్మెలపై మోర్స్ సంకేతాల లయ, బతికినవారి మాటల తునకలు అప్పుడప్పుడు పైకి తేలి మునుగుతాయి. ఆ వాదనం నీటి అడుగున కొనసాగితే ఎలా వినిపిస్తుందన్న ఊహ దీనికి మూలం. పుట్టిన ధ్వని నశించదనీ, క్షీణిస్తూ మిగిలే ఉంటుందనీ మార్కోనీ చివరి రోజులలో నమ్మాడన్న సంగతిని బ్రయర్స్ ఆలంబనగా తీసుకున్నాడు. బ్రైడ్ ఉద్యోగం మార్కోనీ సంస్థలోనే కావడం ఇక్కడ గమనార్హం. 1975లో బ్రయన్ ఈనో ‘అబ్‌స్క్యూర్’ సంస్థ ప్రచురించిన రికార్డులో ఈ రచన ఒక ముఖానికి సరిపడే సుమారు 25 నిమిషాలు. 1994 నాటి ముద్రణలో దాదాపు గంట. 1990లో ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణంలో పాత నీటి గోపురంలో దీనిని ప్రదర్శించి, ఆ కట్టడపు అనురణనాన్నే వాద్యంగా వాడుకున్నారు. నాలుగైదు ఆవృత్తులు గడిచేసరికి మోగుతున్నది తంత్రియా, దాని చుట్టూ ఉన్న ఖాళీయా అన్నది చెవికి తెలియకుండా పోతుంది. పునరావృత్తి అంటే చెప్పినదే చెప్పడం అనుకునేవారు ఈ చోటును ఓపికగా వినాలి.

అనురణనమన్న మాట ఆనందవర్ధనుడిది కూడా. ఘంట కొట్టిన తరువాత సాగే మ్రోత వలె, వాచ్యం తరువాత వ్యంగ్యం క్రమంగా తోచే ధ్వనిభేదానికి ఆయన ఈ పోలిక తెచ్చాడు. అది సంలక్ష్యక్రమం, వస్త్వలంకార ధ్వనులకు చెందినది. రసమైతే అసంలక్ష్యక్రమం, అక్కడ ముందువెనుకలు తెలియవు. బ్రయర్స్ రచనలో ముందువెనుకలు స్పష్టంగా తెలుస్తాయి. శీర్షిక తెలియని శ్రోతకు ఇది ప్రశాంతమైన కీర్తన మాత్రమే. ఆ శీర్షికే ప్రకరణం. అది తెలిసిన శ్రోతకు ‘వారు వాయిస్తూనే ఉన్నారు’ అన్న వస్తువు తోస్తుంది. దుఃఖం దాని వెనుక వస్తుంది. స్టీవ్ రైక్ ‘డిఫరెంట్ ట్రెయిన్స్’ (1988) దారి వేరు: యూదుల మారణహోమం నుంచి బయటపడినవారి మాటల నుంచే స్వరాలు పుట్టడంతో అక్కడ వస్తువు వాచ్యంలోనే ఉంది.

వ్యంగ్యం వస్తువైనప్పుడు అది నిజమా కాదా అన్న ప్రశ్న తప్పదు. ‘ఆటమ్’ అంటే కీర్తన కాదనీ, అప్పటి ప్రసిద్ధ వాల్ట్జ్ ‘సాంజ్ దోటోన్’ అనీ వాదించినవారున్నారు. ‘నియరర్, మై గాడ్, టు దీ’ విన్నామన్న సాక్షులూ ఉన్నారు. కళకు ఈ తగాదాతో పనేమిటని తోసిపుచ్చడం సులభం. నేను దానికి ఒప్పుకోను. బాణీ విషయంలో బ్రయర్స్ పొరబడి ఉండవచ్చు. కాని ధ్వనిస్తున్న వస్తువు బాణీ పేరు కాదు, వాదనం ఆగలేదన్నది; దానికి బ్రైడ్ ఒక్కడే సాక్షి కాడు. కనుక ఆధారం సడలినా రచన కూలదు.

దాని లోపం మరొకచోట ఉంది. ఆ వాద్యకారులు ఒక ఏజెన్సీ ద్వారా కుదిరిన కూలివారు. ఓడ మునిగిన కొద్ది రోజులకే, వయొలిన్ కళాకారుడు జాక్ హ్యూమ్ తండ్రికి కొడుకు యూనిఫాం బాకీ చెల్లించమని ఆ ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది. నీటిలో కరిగే ఈ తంత్రీనాదం వారిని అశరీరులను చేస్తుంది. జీతం, బాకీ, తండ్రి అందులో వినిపించరు. కొత్తగా తెలిసిన విషయాలకు చోటిచ్చేలా బ్రయర్స్ ఈ రచనను ముగించకుండా తెరచి ఉంచాడు. 1985లో ఓడ శకలాలు దొరికాక మళ్ళీ దానిపై పనిచేశాడు. శకలాలకు దక్కిన చోటు ఆ ఉత్తరానికి నేను విన్న ముద్రణలలో దక్కలేదు.