పబ్లిసిస్టు చూపిన ప్రకృతి

హోవర్డ్ బ్లూమ్ 1976లో న్యూయార్క్‌లో సంగీత ప్రచార సంస్థ పెట్టాడు. ప్రిన్స్, మైకేల్ జాక్సన్, బిల్లీ జోయెల్, జోన్ జెట్‌లకు పబ్లిసిస్టుగా పనిచేశాడు. మన సినిమా పీఆర్వోల పనే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. 1988లో జబ్బుపడి ఏళ్ళ తరబడి మంచానికే పరిమితమయ్యాడు. 1995లో మానవ స్వభావం మీద 'ద లూసిఫర్ ప్రిన్సిపుల్' అనే లావుపాటి పుస్తకంతో రచయితగా ముందుకొచ్చాడు.

హింస దారితప్పిన ప్రవర్తన కాదు, ప్రకృతి అల్లికలోనే ఉందంటాడు బ్లూమ్. సమూహం ఒక మహాజీవి. కోళ్ళలో ఏది ఏ కోడిని పొడవాలో వరస ఉన్నట్టే మనుషుల్లోనూ, జాతుల్లోనూ పైమెట్టు కోసం పోరు ఉంటుంది. స్త్రీలు మనమనుకున్నంత శాంతమూర్తులేం కాదని చెప్పడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆ మాటతో నాకు పేచీ లేదు. స్త్రీ అంటే సహనమూర్తి అనే పురాణాన్ని మనమూ ఒప్పుకోలేదు కదా! పేచీ అతని పద్ధతితో. జంతువుల నుంచి రాజవంశాలకు, అక్కణ్ణించి నేటి యుద్ధాలకు ఒక్క గెంతులో వెళ్ళిపోతాడు. నప్పే ఉదాహరణలు మెరుస్తుంటాయి, నప్పనివి కనబడవు. పత్రికలకు పంపే ప్రచార ప్రకటన రాసే తీరు ఇదే. హింసను మెచ్చుకోవడం అతని ఉద్దేశం కాదు, నిజమే. కానీ దెబ్బలు తిన్న భార్యకు "మగవాడి స్వభావం అంతే, సర్దుకుపో" అని చెప్పే సమాజంలో ఈ వాదన ఎవరి చేతికి అందుతుంది?

విచిత్రమేమిటంటే, మెట్లు ఎలా తయారవుతాయో బ్లూమ్‌కి తెలిసినంతగా శాస్త్రవేత్తలకు కూడా తెలియదు. జోన్ జెట్‌నే చూడండి. 20కి పైగా రికార్డు కంపెనీలు ఆమెను కాదన్నాయి. నిర్మాత కెన్నీ లగూనాతో కలిసి ఆమె సొంత సంస్థ పెట్టుకుంది. 1982లో 'ఐ లవ్ రాక్ ఎన్ రోల్' ఏడు వారాలు అమెరికా చార్టుల్లో మొదటి స్థానంలో నిలిచింది. అంటే ఆ వరసను కట్టేదీ, విప్పేదీ మనుషులే. తన వృత్తిలో రోజూ చూసిన ఈ సంగతి సిద్ధాంతం దగ్గరికొచ్చేసరికి ఏమైపోయింది? ఆ అనుభవాన్నే నిజాయితీగా రాసివుంటే గొప్ప పుస్తకం అయ్యేదని నా నమ్మకం.

జీవశాస్త్రమే మనకు శత్రువని అనడం లేదు. సారా బ్లాఫర్ హర్డీ 1970లలో రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో కొండముచ్చులను పరిశీలించింది. గుంపును ఆక్రమించిన కొత్త మగ కొండముచ్చు పసికూనలను చంపడం ఆమె కూడా రాసింది, ఏమీ దాచలేదు. అయితే అక్కడితో కళ్ళు తిప్పుకోలేదు. ముసలి ఆడ కొండముచ్చులు ఆ మగదానికి ఎదురు తిరిగి కూనలను కాపాడటం చూసింది. కడుపుతో ఉన్నవి కూడా కొత్త మగదానితో జతకట్టడం గమనించి, పుట్టబోయే కూన ఎవరిదో దానికి తెలియకుండా చేసే ఎత్తుగడ కావచ్చునంది. 1977లో వచ్చిన 'ద లాంగూర్స్ ఆఫ్ ఆబూ'లో ఆడవాటి వ్యూహాలకు మగవాటితో సమానంగా చోటుంది. చెట్లకింద, రాళ్ళమీద గంటల తరబడి కూచుని, ఒక్కొక్క ఆడ కొండముచ్చునూ విడివిడిగా గుర్తుపట్టి రాసిన పుస్తకం అది.