చందాల కేశవదాసుగారి నాటకగేయములు: కర్తృత్వ విచారము

సికిందరాబాదు రైలుస్టేషనునకు దాపున నున్న చిలకలగూడలో నొకప్పుడు వినాయకచవితి పందిళ్లయందు పౌరాణిక నాటకము లాడుచుండెడివారు. తెర లేచుటకు ముందు హార్మోనియము మ్రోగును. రంగులు పూసికొన్న పాత్రధారులందఱును వరుసగా నిలిచి “పరబ్రహ్మ” ప్రార్థన నెత్తుకొందురు. అట్టి యొక రాత్రి నా ప్రక్కను గూర్చున్న తెలుగు పండితు నొకరిని, “ఈ ప్రార్థన రచించిన వా రెవరండీ?” యని యడిగితిని. “ఎవరేమి? నాటకాలవారు” అని యాయన నవ్వుచు బదులు చెప్పిరి. ఆయన విద్వాంసులే. కవిత్రయమునందలి యే పద్య మేయాశ్వాసములోనిదో తడుముకొనక చెప్పగలవారు. అట్టివారికిని వేలకొలది రంగస్థలములపై వినబడిన యొక పాటకు కర్త యుండునను తలంపే కలుగలేదు. ఆ యుత్తరమే యీ వ్యాసమునకు హేతువు.

ఆ ప్రార్థనను రచించినవారు చందాల కేశవదాసుగారు. వీరు 1876 సంవత్సరము జూన్ 20వ తేదీని నేటి ఖమ్మముజిల్లాలోని జక్కేపల్లి గ్రామమున జన్మించి 1956 జూన్‌లో దివంగతులైరి. ఆయుర్వేదవైద్యము వీరి వృత్తి. హరికథ చెప్పిరి, అవధానము చేసిరి, నాటకములందు వేషములు గట్టిరి. వీరి “కనకతార” నాటకము 1937లో నదే పేర చలనచిత్రమయ్యెను. తొలి తెలుగు టాకీ యగు “భక్తప్రహ్లాద”కు పాటలు వ్రాసినవారును వీరే. ఇంతటి కృషి గలవారి పేరు మన సాహిత్యచరిత్రలయందు తగినంతగా వినబడకుండుటకు కారణ మేమి? తెలంగాణమునం దుండుట యొక కారణ మని కొందఱందురు. అది కొంతవఱకు నిజమే. కాని యంతకంటె లోతైన కారణము నాటకగేయముయొక్క స్వభావములోనే యున్నదని నా యభిప్రాయము.

తెలుగు నాటకమున పాట చేరిన తీరు నొకింత స్మరింపవలసియున్నది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు తెలుగుదేశమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చిరి; వారి సంగీతము ప్రేక్షకుల చెవులలో నిలిచిపోయెను. బళ్లారిలో వకీలుగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) తమ నాటకములందు పద్యములతోపాటు పాటలకును స్థానమిచ్చిరి. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున నంకురించిన సమాజము కుటుంబములుగా శాఖోపశాఖలై యూరూరను పాటతో నాడెను. అప్పటినుండి నాటకసమాజమునకు హార్మోనిస్టు వలెనే పాటలు కట్టు కవియు నవసర మయ్యెను. గ్రంథకర్త యొక నాటకము వ్రాయును; సమాజమువా రందలి యొక ఘట్టమున పాట చాలదని తలంతురు; నటుని గొంతునకు సరిపడు వరుసను హార్మోనిస్టు వినిపించును; కవి యా వరుసకు మాటలు కూర్చును. పాట పండినచో తరువాతి సమాజమువారు నాటకముతో గలిపి దాని నాడుకొందురు. కొన్నాళ్లకు పాట నాటకకర్తదిగా గాని, పాడిన నటునిదిగా గాని, యెవరిదియు గానిదిగా గాని మాఱిపోవును. రాగతాళముల పేళ్లు గేయముపైన నచ్చుపడును. గేయకర్త పేరు మాత్రము పడుట యరుదు.

మన గేయవాఙ్మయమున కర్తృత్వమును గాపాడినది ముద్ర. క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు, రామదాసునకు భద్రాద్రి, త్యాగరాజస్వామికి తన పేరే రక్షగా నున్నవి. తాటియాకు చినిగినను, శిష్యపరంపర చెదరినను, పాటలోని ముద్ర కర్తను పట్టి చూపును. నాటకగేయమున కీ యదృష్టము లేదు. సత్యభామ రంగమున నిలిచి తన గర్వమును బాడునప్పుడు పాట చివర “కేశవదాసు” అనుట యెట్లు పొసగును? అన్నచో సత్యభామ మాయమై జక్కేపల్లి వైద్యులు ప్రత్యక్షమగుదురు. కావున నాటకగేయకర్త తన పనిని జక్కగా జేసినకొలది తాను కనబడకుండును. కీర్తనకారునకు ముద్ర యలంకారము. నాటకగేయకర్తకు ముద్ర దోషము. అజ్ఞాతుడై యుండుట యీ కళయొక్క ధర్మము. ఆ ధర్మమును బాటించినవానిని మఱచుట మాత్రము విమర్శకుల దోషము.

ఇక గుణవిచారము. ముత్తరాజు సుబ్బారావుగారి “శ్రీకృష్ణతులాభారము” నాటకమున “చౌకబేరము” పాట సుప్రసిద్ధము. అది కేశవదాసుగారిది. నారదుడు దానముగా బొందిన శ్రీకృష్ణుని వీథిలో నమ్మజూపు సందర్భ మది. చౌక, బేరము మొదలగు మాటలు సంతలోనివనియు, భగవద్విషయమున గ్రామ్యత తగదనియు నాక్షేపించువారు కలరు. ఔచిత్యదృష్టితో జూచిన నీ యాక్షేపము నిలువదు. అమ్మువాడు సంతభాషనే మాటలాడవలయును. అదియు గాక యిచ్చట నొక గూఢార్థ మున్నది. లోకములన్నిటికి వెలయైనవానిని చౌక యనుటలో హాస్యము పైకి గనబడును. కాని కడపట సత్యభామ ధనరాసులకు దూగని స్వామి రుక్మిణి వేసిన తులసిదళమునకు దూగును. అనగా నారదుని కేక వేళాకోళము గాక నిజమే. భక్తి గలవారికి స్వామి మిక్కిలి చౌక. నాటకాంతమున రాబోవు సత్యమును నవ్వులమాటగా ముందే చెవిని వేసిన నేర్పు సామాన్యమైనది గాదు. ఈ పాట తీసివేసినచో కథ తెగదు గాని, తులసిదళము బరువు కొంత తగ్గును. కథకు వెలుపలినుండి వచ్చిన గేయము కథార్థమును బెంచుట కిది చక్కని యుదాహరణము.

అదే నాటకమందలి “మీరజాలగలడా” యను పాటయొద్ద విచారము కఠినమగుచున్నది. సత్యభామ పాత్రయందు స్థానము నరసింహారావుగారు (1902–1971) దీనిని బాడి యాంధ్రదేశము నుఱ్ఱూత లూగించిరి. ఒక్కొక్క పలుకునకు బహువిధముల నభినయము పట్టెడివారని చూచినవారు చెప్పుదురు. 1966లో వచ్చిన “శ్రీకృష్ణతులాభారము” చలనచిత్రముతో నీ పాట రంగస్థలము నెఱుగని తరమునకును జేరెను. దీనిని కొందఱు కేశవదాసుగారిదనియు, కొందఱు స్థానమువారు స్వయముగా రచించుకొన్నదనియు జెప్పుచున్నారు.

ముందుగా పదమును జూతము. “జాలు” ధాతువునకును “కల” ధాతువునకును నిచ్చట సామర్థ్యమే యర్థము. మీఱజాలునా యన్నను, మీఱగలడా యన్నను జాలును. రెండును గూర్చుట పునరుక్తి యని లాక్షణికులు నొసలు చిట్లింపవచ్చును. కాని పలుకుచున్నది సత్యభామ. భర్త తన యాజ్ఞ నతిక్రమింపడని యామె కెంత నమ్మకమో, ఆ నమ్మకమునకు గుడిచేత నొక సాక్ష్యము, ఎడమచేత నొక సాక్ష్యము కావలయునన్నంత గర్వము. ఒక్కమాటకు బదులు రెండుమాటలు వాడినచోటనే యామె యహంకారము బయటపడినది. వ్యాకరణమున కధికమైనది పాత్రకు సరిపోయినది.

అయిన నీ గుణమునుబట్టి కర్తను నిర్ణయింపగలమా? అవధానమున నాఱితేరిన కవి యిట్టి ప్రయోగము చేయగలడు. సత్యభామను సంవత్సరములతరబడి తనలో ధరించిన నటుడును జేయగలడు. ముద్ర లేని రచనయందు శైలి యొక్కటియే సాక్షి గాజాలదు. పాత్రకొఱకు దన శైలిని మార్చుకొనుటయే గదా యీ కవి నేర్పు. కేశవదాసుగారియం దభిమానముచే నీ పాటను వారి ఖాతాలో జమకట్టుట యెంత తప్పో, నటుని ఖ్యాతిచే దానిని వారినుండి లాగుకొనుటయు నంత తప్పే. తొలి ముద్రణము, సమాజముల వ్రాతప్రతులు, గ్రామఫోను పలకల పట్టికలు సాక్ష్యమిచ్చువఱకు రెండుపేళ్లను జెప్పి, వివాదము గలదని వ్రాయుట న్యాయము. కేశవదాసుగారి కీర్తి యీ యొక్కపాటపై నాధారపడినది గాదు.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము గాదు. అమెరికా దేశమున సంగీతనాటకములు తలయెత్తిన కాలమున న్యూయార్కు రంగస్థలమునకు లండనునుండి నాటకములు దిగుమతి యగుచుండెను. అక్కడి ప్రేక్షకులకు రుచించునట్లు వానిలో గ్రొత్తపాటలు చొప్పించుట వాడుక. పేరుగాంచిన జెరోము కెర్న్ ప్రథమదశలో నిట్టి చేర్పుపాటలకు స్వరములు గట్టినవాడే. 1914లో “యూటా పిల్ల” యను నాంగ్లనాటకమున కతడు చేర్చిన పాటయొకటి మూలనాటకమునకంటె నెక్కువకాలము బ్రతికినది. 1918లో నొక నాటకముకొఱకు పి. జి. వుడ్‌హవుసు వ్రాసిన “బిల్” అను పాట యందుండి తొలగింపబడి, కొలది మార్పులతో 1927లో “షో బోట్” అను నాటకమున జేరెను. ఆ నాటకమునకు మాటలు, పాటలు వ్రాసినవాడు ఆస్కారు హామర్‌స్టైను కావున లోకము దానిని నతనిదే యనుకొనెను. 1946లో నాటకమును మరల ప్రదర్శించినప్పుడు హామర్‌స్టైను ప్రదర్శనపత్రికయందే యా పాట తనది గాదనియు, వుడ్‌హవుసుదనియు ప్రకటించెను. తనకు వచ్చు మెప్పును దాను త్రోసిపుచ్చి యసలు కర్త కప్పగించుట గొప్పతనము. కాని యా ప్రకటన మచ్చుపడక యుండినచో నతని మంచితనముకూడ మనకు దెలియకపోయెడిది. కాగితమే సాక్షి.

మన యింటిలోనే కాగితపు విలువను జూపు దృష్టాంత మింకొకటి కలదు. “భక్తప్రహ్లాద” టాకీ 1931 సెప్టెంబరు 15వ తేదీని విడుదలయ్యెనని బహుకాలము చెప్పుకొనిరి. తరువాతి పరిశోధనయందు నాటి పత్రికలను, సెన్సారు పత్రములను వెదకగా, 1932 ఫిబ్రవరి 6వ తేదీని బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైనట్లు తేలినది. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన యీ చిత్రమునకు ధర్మవరమువారి నాటకము మూలము, వేషధారులలో సురభివారు గలరు, పాటలు కేశవదాసుగారివి. అనగా రంగస్థలముపై జరుగుచుండిన చేర్పుపాటల పద్ధతియే తెరపైకిని నడచివచ్చినది. తేదీవిషయమున జేసిన శ్రమ కర్తృత్వవిషయమునను జేసినచో నెన్ని పాటలకు తండ్రులు దొరకరు!

ఈ గేయములన్నియు నిర్దుష్టములని నేను వాదింపను. పరభాషావరుసకు మాటలు పొదుగునప్పుడు తెలుగు నుడి యొత్తు చెడుట, తాళము నిండుటకు వ్యర్థపదములు చొచ్చుట నాటకగేయములందు దఱచు కనబడును. “వన్సుమోరు” కేకలకు లోబడి శోకఘట్టమునను పాట మరలమరల పాడుటచే రసభంగ మగుటయు నుండెను. కాని యీ దోషములలో గొన్ని వరుసవి, కొన్ని నటునివి, కొన్ని ప్రేక్షకులవి. కవివి యేవో వేఱుచేసి చెప్పుటయే విమర్శ. నాటకాలపాట యని యొక్కమాటతో నన్నిటిని ద్రోసివేయుట విమర్శ గాదు.

1934లో గోలకొండకవుల సంచిక 354 కవులను లోకమునకు జూపి, తెలంగాణమున కవులు లేరను మాటను గొట్టివేసినది. అట్టి పట్టిక నాటకగేయకర్తలకును గావలసియున్నది. పాతనాటకముల ప్రతులు మన పాఠశాలల బీరువాలయందును, నటుల యిండ్ల యటుకలమీదను చెదలకు లోబడుచున్నవి. తమ యూర నిట్టి ప్రతి యున్నచో గేయముల మొదళ్లను, ముద్రణసంవత్సరమును, మార్జిన్లలోని చేవ్రాతలను గుర్తించి వ్రాసిపెట్టుట పండితులకు గొప్ప శ్రమ గాదు. చేవ్రాతలే ముఖ్యము; ఏ పాట యెవరు కట్టిరో హార్మోనిస్టు పెన్సిలుతో వ్రాసికొన్న రెండక్షరములు మన వ్యాసములకంటె బలవత్తరములు.

నా ప్రక్కను గూర్చున్న పండితులకు నా డా రాత్రియే ప్రార్థన ముగిసిన పిమ్మట కేశవదాసుగారి పేరు చెప్పితిని. ఆయన కొంతసే పూరకుండి, “ఇన్నాళ్లు పాడినది విన్నాముగాని వ్రాసినవారిని దలపలేదండీ” అనిరి. ఆ మాటతో నీ విషయమును విజ్ఞుల పరిశీలనమునకు విడుచుచున్నాను.

చిలకలగూడ.