‘జతపరచండి’ ఒక్కటే చాలదు: కాలం గురించిన జాతీయాల పాఠంపై ఒక మాట

జాతీయాల పాఠం అనగానే మనందరికీ ఒకటే పేజీ గుర్తొస్తుంది. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు, మధ్యలో గీతలు. ‘రెప్పపాటులో’కి ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’, ‘అమావాస్యకో పున్నానికో’కి ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’. పిల్లలు ఐదు నిమిషాల్లో గీతలు గీసేస్తారు, టీచరుకు దిద్దడం తేలిక, మార్కులు చూసి అమ్మానాన్నలకూ సంతోషం. ‘రెప్పపాటు’ లాంటివాటికి ఈ పద్ధతి నిజంగానే పనికొస్తుంది. ఏ భాషవాళ్ళకైనా కన్ను ఒకటే, రెప్ప ఒకటే. చిక్కంతా మిగతావాటితోనే.

బ్లూ మూన్ అంటే ఇప్పుడు చెప్పే లెక్క ప్రకారం ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమి. అది సుమారు రెండున్నరేళ్ళకు ఒకసారి వస్తుంది. మన అమావాస్య, పున్నమి నెలనెలా వస్తాయి. లెక్కలోనే ఇంత తేడా ఉంటే, గొంతులో ఇంకా పెద్ద తేడా ఉంది. ‘అమావాస్యకో పున్నానికో ఫోన్ చేస్తావు’ అని అమ్మమ్మ అంటే అది లెక్క చెప్పడం కాదు, నిష్టూరమాడటం. దానికి జవాబు ‘అవును’ కాదు, ‘లేదమ్మమ్మా, ఇకనుంచి రోజూ చేస్తా’ అని. గీత గీసిన పిల్లకు అర్థం తెలుస్తుంది, జవాబు తెలియదు. రంజాన్ నెలవంక కోసం అందరూ ఆకాశం వైపు చూసే బహ్రెయిన్‌లో పెరిగే పిల్లలకు ఈ మాట చెప్పడం ఏమంత కష్టం? నెలవంక తొంగిచూడటానికి ముందు చంద్రుడు అసలే కనపడని రోజు అమావాస్య అంటే చాలు.

ఇక ‘పొద్దు’ సంగతి. ‘పొద్దుపోయింది’కి ‘లేట్’, ‘పొద్దుపోవట్లేదు’కి ‘బోర్’ అని జత రాయిస్తాం. పిల్లల మనసులో అవి సంబంధం లేని రెండు మాటలుగా ఉండిపోతాయి. పొద్దంటే సూర్యుడు, పోతే చీకటి పడింది, ఎంతకీ పోకపోతే పగలు సాగుతూనే ఉంది. ఇలా ఒక్కసారి చెబితే రెండూ ఒకే తీగకు కాసినవని తెలిసిపోతుంది. ‘పొద్దున’, ‘పొద్దస్తమానం’, పొద్దుతిరుగుడు పువ్వు కూడా వెంటే వస్తాయి. మనకు రాత్రి ఏడున్నర అయ్యేసరికి హైదరాబాదులో పది. ‘పొద్దుపోయింది, పడుకో నాన్నా’ అని తాతయ్య అంటే మనవడు గడియారం చూసి నవ్వుతాడు. తాతయ్య చెప్పింది అక్కడి పొద్దు సంగతి అని మనమే చెప్పాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పాల్సిన మాట ‘కాలం చేశారు’. దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెడితే ‘డిడ్ టైమ్’ అవుతుంది, అంటే జైలుశిక్ష అనుభవించారని! పోనీ ‘డైడ్’ అని జత రాస్తే అర్థం సరే. కానీ ‘మా పిల్లి కాలం చేసింది’ అని పిల్లవాడు రాస్తే అదెందుకు తప్పో ఆ జత చెప్పదు. అది పెద్దల గురించి గౌరవంగా అనే మాట. దూరాన ఉన్న మనకు అలాంటి కబురు ఫోన్‌లోనే అందుతుంది. ఇల్లంతా మౌనమైపోయిన ఆ పూట పిల్లలు ఆ మాట మొదటిసారి వినకూడదు.

తెలుగు నుడిని ఇంగ్లీషుతో వివరించడం కొత్తేమీ కాదు. 1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ మద్రాసులో తెలుగు సామెతలను ఇంగ్లీషు అనువాదాలతో, వివరణలతో అచ్చువేయించారు. ఇంగ్లీషు వచ్చి తెలుగు రాని పెద్దవాళ్ళకు ఆ దారి సబబే. మన పిల్లలు తెలుగు వింటూ పెరుగుతున్నవాళ్ళు. ఇంట్లో ఉన్న మాటను ఇంగ్లీషు మీదుగా చుట్టు తిప్పి తేవడం దేనికి?

ఆ పేజీని తీసేయమనడం లేదు. దాని పక్కన ఇంకో మూడు గళ్ళు గీయండి: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, కోపంగానా, ముద్దుగానా, బాధగానా. వారానికి ఒక్క జాతీయం చాలు. శుక్రవారం ఊరికి ఫోన్ చేసినప్పుడు అవ్వాతాతల నోట కాలం గురించి ఏ మాట వచ్చిందో పట్టుకుని రమ్మని పిల్లలకు చెప్పండి. అమ్మానాన్నలు స్పీకర్ పెడితే చాలు, అర్థం వెంటనే అందించొద్దు. మరుసటి క్లాసులో ఆ మాటకు జవాబు చెప్పించండి. జవాబు సరిగా వస్తే జాతీయం వచ్చినట్టే.