అట్టకు రాసినంత వివరంగా

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది బొమ్మల్లో చీరల అంచులూ బుటాలూ ఈనాటికీ విడివిడిగా పోల్చుకోవచ్చు. పదహారో శతాబ్దపు చిత్రకారులు గుడ్డ మీద అంత శ్రద్ధ పెట్టారు. ధర్మవరం పట్టు నేతలో ఆ నమూనాల ఛాయలు ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే ఆ బొమ్మను ఎంతసేపు చూసినా చీర నేయడం రాదు. చీర ఎలా ఉంటుందో అందులో ఉంది, ఏ పేకకు ఏ పడుగు పోగు లేవాలో లేదు. ఆ రెండో సంగతి రాసిపెట్టే విద్య జకార్డు మగ్గం దగ్గర ఉంది. సాఫ్ట్‌వేర్ పనిముట్లను, వాటితో మన తరఫున పనులు చేసే ఏఐ ఏజెంట్ల కోసం వివరించేవాళ్లు ముందుగా చూడవలసింది ఆ విద్యనేనని నా నమ్మకం.

జకార్డు నేతలో డిజైన్ మొదట గళ్ల కాగితం మీదికి వస్తుంది. ఒక్కో నిలువు వరస జకార్డులో ఒక కొక్కేనిది, ఒక్కో అడ్డ వరస ఒక పేకది. రంగు నింపిన గడి ఉంటే పోగు లేవాలి. ఖాళీ గడి అయితే కదలకూడదు. అడ్డ వరసకో అట్ట చొప్పున, రంగు గడులున్న చోట రంధ్రాలు కొడతారు. రంధ్రం ఎదురైన సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పైకి లేచి పోగును లేపుతుంది. రంధ్రం లేకపోతే అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. అట్టలకు వరస అంకెలు వేసి, దారంతో గొలుసుగా కుట్టి మగ్గానికి ఎక్కిస్తారు. ఒక్క రంధ్రం తప్పు పడిందా, డిజైన్ తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ తప్పూ తిరిగొస్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది రంధ్రం లేని చోటు. అక్కడా మగ్గానికి ఆజ్ఞ ఉంది: లేపవద్దు. సాఫ్ట్‌వేర్ వివరణల్లో తరచుగా లోపించేది సరిగ్గా ఇదే. పనిముట్టు ఏం చేస్తుందో రాస్తారు. ఏది చేయదో, ఎప్పుడు వాడకూడదో వదిలేస్తారు.

మగ్గానికీ కంప్యూటర్‌కూ చుట్టరికం పాతదే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తీర్చిదిద్దిన అట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ 1830ల్లో తన అనలిటికల్ ఇంజిన్ కోసం ఎంచుకున్నాడు. ఇక ఏజెంట్ల సంగతి. ఏఐని బయటి పనిముట్లతో కలపడానికి 2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ప్రతి పనిముట్టుకూ ఒక పేరు, మాటల్లో వివరణ, దానికి అందించవలసిన విలువల పట్టిక ఇస్తారు. సాధారణంగా ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్ చూసేది ఈ రాతనే, వెనకున్న కోడ్‌ను కాదు. మగ్గంతో పోలిక ఇక్కడితో సరి. అట్టలో లేనిది మగ్గం చేయదు. ఏజెంట్ అలా ఊరుకోదు. వివరణలో ఖాళీ ఉంటే తనకు తోచిందేదో అందులో నింపుకుని ధీమాగా ముందుకు సాగుతుంది. కాబట్టి దానికి రాసేది అట్టకన్నా తేటగా ఉండాలి.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ధరలు చెప్పే పనిముట్టు ఒకటి తయారు చేశామనుకుందాం. ‘పట్టుగూళ్ల ధర ఇస్తుంది’ అని ఊరుకుంటే ఏజెంట్‌కు ఏ రోజు ధరో తెలియదు. బైవోల్టిన్ రకం గూళ్లదా, సీబీ రకం గూళ్లదా? గరిష్ఠమా, సగటా? నేనైతే ఇలా రాస్తాను: ‘అడిగిన తేదీన, అడిగిన మార్కెట్‌లో, అడిగిన రకం గూళ్లకు వేలంలో పలికిన కనిష్ఠ, గరిష్ఠ, సగటు ధరలను కిలోకు రూపాయల్లో ఇస్తుంది. వేలం జరగని రోజుకు ఖాళీ వస్తుంది, దాన్ని సున్నాగా తీసుకోవద్దు. రేపటి ధర అంచనాకు దీన్ని వాడవద్దు.’ చివరి రెండు వాక్యాలూ రంధ్రం లేని చోట్లే. రైతు గూళ్లను ఈ రోజు తేవాలా, రేపు తేవాలా అన్నది వాటి మీదే ఆధారపడవచ్చు.

ఊళ్ల పేర్లతో ఇంకో చిక్కు. పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, పెనుగొండ పశ్చిమ గోదావరిలో ఉంది. మన పెనుకొండనే పెనుగొండ అని రాసేవాళ్లూ ఉన్నారు. ‘ఊరి పేరు ఇవ్వండి’ అని మాత్రమే అడిగే పనిముట్టు ఏదో ఒకనాడు ఒక ఊరి వాళ్ల పని మరో ఊరికి పంపిస్తుంది. జిల్లాతో కలిపి అడగాలి, లేదా మండలం కోడ్ అడిగి, ఆ కోడ్ల జాబితా ఎక్కడ దొరుకుతుందో అక్కడే చెప్పాలి. తప్పు విలువ ఇస్తే వచ్చే సందేశం కూడా వివరణలో భాగమే. ‘లోపం’ అన్న ఒక్క మాట ఏజెంట్‌ను మళ్లీ ఊహల్లోకే తోస్తుంది. ‘ఈ పేరుతో రెండు ఊళ్లున్నాయి, జిల్లా చెప్పండి’ అంటే అది తిరిగి మనిషిని అడగగలుగుతుంది.

రాయడంతో పని తీరదు. ఆ వివరణను ఏజెంట్ చేతికిచ్చి, హిందూపురం రైతు అడిగే తీరులో అడిగి, ఎక్కడ దారి తప్పిందో చూసి ఆ వాక్యాన్నే దిద్దాలి.

2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో అందుతున్నాయి. ఇలాంటి సేవల్లో ఏజెంట్లు మన తరఫున దరఖాస్తులు పెట్టే రోజు వస్తే, వివరం చదివే పనిముట్టునూ వివరం మార్చే పనిముట్టునూ వేరువేరుగా ఉంచాలి. మార్చేదాని వివరణలో మొదటి వాక్యాలు ఇవి కావాలి: ‘పంపిన తర్వాత వెనక్కి తీసుకోలేరు. పంపేముందు దరఖాస్తుదారుకు మొత్తం చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పంపాలి.’